ప్లస్సు బాడీకి ఉన్న రోజులు

మా ఇంట్లో ఒక మాట ఉంది. ఎవరైనా పని చెడగొడితే "వీనికి ప్లస్సు మైనస్సు తెలీదు" అంటారు. పాలు పొంగిపోయినా అదే మాట, బస్సు తప్పిపోయినా అదే మాట. మా తరం పిల్లలం దాన్ని సామెత అనుకునే పెరిగినాం. అది సామెత కాదనీ, ఒక మనిషి మీద పడిన నింద అనీ, ఆ మనిషి మా చిన్నతాతే అనీ చాలా ఆలస్యంగా తెలిసింది.

మన కుటుంబం వాళ్ళు ఇప్పుడు కోలారు, బెంగళూరు, హోసూరు, పుణె అని చెదిరి ఉన్నారు. ఎక్కడున్నా ఈ మాట మాత్రం వాడుతూనే ఉన్నారు. వాడేవాళ్ళకు దాని వెనక సంగతి తెలియాలని ఈసారి ఇది రాస్తున్నాం. మేము చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు అవ్వ పక్కన కూర్చొని పంచాంగం చూసి నేర్చుకున్నవి. తప్పులుంటే పెద్దలు దిద్దండి.

కోలారుకు కరెంటు, కోలారులో అంగడి

కరెంటు విషయంలో మన కోలారు సీమ వెనకబడింది కాదు. కావేరి మీద శివనసముద్రం దగ్గర పుట్టిన కరెంటు 1902లో సుమారు 150 కిలోమీటర్ల తీగ మీద వచ్చి కోలారు బంగారు గనులకు చేరింది. బెంగళూరులో వీధి దీపాలు వెలిగింది 1905లో. ఆ గనుల పుణ్యమా అని మోటార్లు, డైనమోలు, తీగ చుట్టడాలు తెలిసిన పనివాళ్ళు ఈ జిల్లాలో తయారైనారు. వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది.

మా తాత కూడా అక్కడే వర్క్‌షాపులో హెల్పరుగా చేరి ఆర్మేచర్ చుట్టడం నేర్చుకున్నాడు. 1958లో కోలారు బస్టాండు దగ్గర సొంతంగా అంగడి పెట్టినాడు. డైనమో, సెల్ఫు, బ్యాటరీ ఛార్జింగు, ఇవీ పనులు. చిన్నతాత ఆయనకంటే ఇరవై ఏళ్ళకు పైగా చిన్న. తమ్ముడే అయినా కొడుకులాగా పెంచినాడు. పదహారేళ్ళకు బెంగళూరులో ఫియట్ కార్ల పని చేసే ఒక గ్యారేజీలో పెట్టి, మూడేళ్ళు పని నేర్పించి, వెనక్కి పిలిపించుకున్నాడు. ఈ ఫియట్ అన్న మాట గుర్తు పెట్టుకోండి. కథంతా దాని మీదే తిరుగుతుంది.

ఇంట్లో చెప్పుకొనే కథ

1972లో ఒక డాక్టరుగారి మోరిస్ మైనర్ కారు అంగడికి వచ్చింది. బ్యాటరీ తీసి రాత్రంతా ఛార్జింగుకు పెట్టినారు. మరుసటి రోజు తాత పని మీద కేజీఎఫ్ పోయినాడు. డాక్టరుగారు సాయంత్రం చిత్తూరు పోవాలని తొందరపడితే చిన్నతాత బ్యాటరీ బిగించి ఇచ్చినాడు. సెల్ఫు కొట్టి చూసినాడు, ఇంజను లేచింది. లైట్లు వేసి చూసినాడు, వెలిగినాయి. హారను కొట్టి చూసినాడు, మోగింది. డాక్టరుగారు రెండు రూపాయలు ఎక్కువే ఇచ్చి పోయినారు.

ముళబాగిలు దాటి నంగలి దగ్గర లైట్లు మసకబారినాయి. బానెట్ కింద పొగ వచ్చింది. కారు నిలిచిపోయింది. డాక్టరుగారు భార్యాబిడ్డలతో ఆ రాత్రి రోడ్డు పక్కనే గడిపినారు. తెల్లారి కారును లారీ వెనక కట్టి తెచ్చినారు. చూస్తే బ్యాటరీ తిరగేసి ఉంది, కటౌట్ కాలిపోయింది. తాత నలుగురి ముందర తమ్ముని మీద చేయి చేసుకున్నాడు. "ప్లస్సు మైనస్సు తెలీనివానికి ఈ అంగడిలో పనేమి" అన్నాడు.

చిన్నతాత మళ్ళీ ఆ అంగడి మెట్టు ఎక్కలేదు. బస్సు కండక్టరు ఉద్యోగంలో చేరి ముప్పై ఏళ్ళకు పైగా టికెట్లు చించినాడు. అన్నదమ్ములు పెళ్ళిళ్ళలో, చావుల్లో మాట్లాడుకునేవాళ్ళు. ఈ విషయం మాత్రం ఎత్తేవాళ్ళు కాదు. తాత పోయినాడు. అంగడి పోయింది. మాట మిగిలింది.

మా వంతు వచ్చింది

పోయిన ఏడు ఉగాదికి రెండు రోజుల ముందు మా కారు బ్యాటరీ చచ్చింది. మేమే మార్చుకుందామని కొత్తది తెచ్చినాం. అపార్ట్‌మెంటు కింద, చీకట్లో, సెల్ ఫోను వెలుతురులో. బ్యాటరీ మీద రాసి ఉండే నంబరు చివర ఎల్ అనీ ఆర్ అనీ ఒక అక్షరం ఉంటుంది. ఒకే సైజు, ఒకే శక్తి, కానీ రెండు టెర్మినళ్ళు అటుఇటుగా ఉంటాయి. మేము తెచ్చింది ఆ రెండో రకం. పాతది ఎట్లా కూర్చుందో కొత్తదాన్ని అట్లానే కూర్చోబెట్టినాం, ఏ వైర్లు ఎటు ఉన్నాయో అటే తగిలించబోయినాం. ఒక క్లాంపు సరిగ్గా దిగలేదు, ఇంకొకటి వదులుగా కూర్చుంది. గుడ్డ అడ్డం పెట్టి నొక్కినాం. రెండోది తగిలీ తగలగానే చటుక్కున నిప్పురవ్వ లేచింది. ఆ తర్వాత కారులో ఏమీ లేదు. డోరు లైటు కూడా లేదు.

మా నాన్నకు ఫోను చేస్తే "చిన్నాయన్ను అడగండి" అన్నాడు. మేము ఆశ్చర్యపోయినాం. ప్లస్సు మైనస్సు తెలీదని పేరు పడిన మనిషిని ఇదే విషయం అడగడమా? అయినా చేసినాం.

చిన్నతాత విని తిట్టలేదు. వరసగా చెప్పుకుంటూ పోయినాడు. ముందు బ్యాటరీ విప్పెయ్యండి, మైనస్సు మొదట. బ్యాటరీ ఉబ్బిందా, వేడిగా ఉందా, ఘాటు వాసన వస్తోందా చూడండి, వస్తే దాని జోలికి పోవద్దు. బాగుంటే మీటరు పెట్టి కొలవండి, 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాల. మీటరులో మైనస్ గుర్తు వచ్చిందంటే మీరు పట్టుకున్నది తిరగేసి అని అర్థం, ఆ పరీక్ష ఎప్పుడూ ముందు చెయ్యండి. తర్వాత బ్యాటరీ పక్కన పెట్టెలో బోల్టుతో బిగించిన పెద్ద ఫ్యూజు ఉంటుంది, అది చూడండి. అది పోయుంటే మీరు అదృష్టవంతులు.

పోయింది. నడుమ రేకు తెగి నల్లబడి ఉంది. కంటికి కనపడకపోతే మీటరుతో రెండు చివర్ల మధ్య దారి ఉందా లేదా చూడొచ్చు. "ఆ చోట వైరు ముక్క కట్టి నడపాలని చూడొద్దు, ఇల్లు కాలిపోతాది" అని రెండుసార్లు చెప్పినాడు. మరుసటి రోజు సరైన బ్యాటరీ, అదే ఆంపియర్ల ఫ్యూజు తెచ్చి వేసినాం. చిన్న ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి చూస్తే స్టీరియోది కూడా పోయింది. మార్చినాం. ఇంజను లేచింది. మా సంబరం చూసి ఆయన ఫోనులో "ఇంజను నడస్తా ఉండంగా మళ్ళీ కొలవండి" అన్నాడు. 14 వోల్టులు చూపాల్సింది 12.2 చూపింది, అదీ దిగిపోతూ ఉంది. అంటే ఇంజను నడుస్తోంది గానీ ఛార్జింగు లేదు. ఆల్టర్నేటరులో డయోడ్లు పోయినాయి. మెకానిక్ విప్పి రెక్టిఫయరు మార్చినాక 14.2 కు వచ్చింది. ఇంజను కంప్యూటరు బతికింది.

ఎందుకు ఇట్లా అయింది అంటే, ఆల్టర్నేటరు పుట్టించేది అటూ ఇటూ ఊగే కరెంటు. దాన్ని ఒకే వైపు నడిపించడానికి లోపల డయోడ్లు పెడతారు. అవి ఒక దిక్కుకే తెరుచుకునే తలుపులు. బ్యాటరీ సరిగ్గా ఉన్నంతసేపు మూసుకుని ఉంటాయి. తిరగేస్తే అన్నీ ఒక్కసారి బార్లా తెరుచుకుంటాయి, బ్యాటరీ మొత్తం వాటి గుండా షార్టు అవుతుంది. పెద్ద ఫ్యూజు ముందు తెగితే సరి, లేకపోతే డయోడ్లే కాలుతాయి. మాకు రెండూ అయినాయి.

ఇదంతా అయినాక చిన్నతాత ఒక మాటన్నాడు. "మీ కారు మంచిది. తప్పు చేస్తానే చెప్పింది. నాకు చెప్పలేదు."

ఆ మాట మమ్మల్ని పట్టుకుంది. మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగు. తప్పు జరిగిన చోట అది ఎందుకు బయటపడలేదు అని వెతకడమే మా బతుకుతెరువు. అందుకే 1972 నాటి ఆ సాయంత్రాన్ని మళ్ళీ తెరిచి చూసినాం.

రెండు లోకాలు

ఈరోజు ఏ కారు బానెట్ ఎత్తినా బ్యాటరీ మైనస్సు బాడీకి కట్టి ఉంటుంది. ఇనుప బాడీనే ఒక తీగగా వాడుకుంటారు. దీన్నే ఎర్త్ అంటాం. ఇదేదో ప్రకృతి నియమం అని మేము కూడా అనుకున్నాం. కాదు. ఇది ఒక ఒప్పందం, అదీ అన్ని దేశాల్లో ఒకేసారి కుదరలేదు.

సీసం, ఆమ్లంతో చేసే బ్యాటరీని ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేసినాడు. కార్లలోకి అది బలంగా వచ్చింది 1912లో కాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ చేసిన సెల్ఫ్ స్టార్టరు పెట్టినాక. అప్పటినుంచి ప్రతి కంపెనీ ఏదో ఒక కొసను బాడీకి కట్టాల్సి వచ్చింది. అమెరికాలో ఫోర్డు కార్లు 1955 మోడల్ దాకా 6 వోల్టులు, ప్లస్సు బాడీకి. 1956 నుంచి 12 వోల్టులు, మైనస్సు బాడీకి. ఇంగ్లండులో ఇంకో దారి. మొదట మైనస్సు బాడీకి కట్టేవాళ్ళు, 1930ల మధ్యలో ప్లస్సుకు మారినారు. టెర్మినళ్ళు తక్కువ తుప్పు పడతాయనీ, స్పార్కు ప్లగ్గుకు మంచిదనీ కారణాలు చెప్పినారు. ఇది పిచ్చి ఆలోచనేమీ కాదు. టెలిఫోన్ ఎక్స్‌చేంజీల్లో ఈనాటికీ 48 వోల్టుల బ్యాటరీకి ప్లస్సే భూమికి కడతారు, భూమిలో రాగి తీగలు తినిపోకుండా ఉండాలని.

1960లలో ఈ ఒప్పందం మారింది. 1960లో క్రైస్లర్ వాలియంట్ కారుకు డైనమో బదులు ఆల్టర్నేటరు పెట్టినారు. డయోడ్లు, ట్రాన్సిస్టర్ రేడియోలు కార్లలోకి వచ్చినాయి. ఇంగ్లండు కంపెనీలు కూడా 1960ల చివర్లో ఒక్కొక్కటే మైనస్సుకు తిరిగినాయి. మినీ కారు 1969లో మారింది. మోరిస్ మైనర్ మాత్రం 1971లో తయారీ ఆగిపోయేదాకా ప్లస్సు బాడీతోనే ఉండిపోయింది.

ఇప్పుడు మన దేశానికి రండి. 1942లో మొదలైన హిందుస్థాన్ మోటార్స్ ఇంగ్లండు మోరిస్ వంశం. అంబాసిడర్ పుట్టింది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచే. 1944లో బొంబాయిలో మొదలైన ప్రీమియర్ కంపెనీ కట్టింది ఇటలీ ఫియట్లు, వాటికి మైనస్సు బాడీకి. ఇంగ్లండునుంచి దిగిన పాత కార్లు డాక్టర్ల ఇళ్ళలో, ప్లాంటర్ల ఇళ్ళలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అంటే కోలారు బస్టాండు దగ్గర ఒకే అంగడి ముందర రెండు లోకాల కార్లు పక్కపక్కన నిలబడేవి. చూడడానికి రెండు బ్యాటరీలూ ఒకటే.

చిన్నతాత ఫియట్ లోకంలో చదువుకున్నవాడు. మైనస్సు బాడీకి అని ఆయనకు నేర్పినారు. మోరిస్ మైనరుకు కూడా ఆయన మైనస్సే బాడీకి కట్టినాడు. ప్లస్సు మైనస్సు తెలీక కాదు. బాగా తెలిసే, నేర్పించినట్టే చేసినాడు.

మూడు పరీక్షలూ పాసైనాయి

అయితే కట్టినాక చూసుకున్నాడు కదా? సెల్ఫు, లైట్లు, హారను. మూడూ పనిచేసినాయి. మేము ఇక్కడే ఆగిపోయినాం.

ఆ కాలం సెల్ఫు మోటారులో బయటా లోపలా రెండూ తీగ చుట్లే, రెంటిలోనూ ఒకే కరెంటు పోతుంది. బ్యాటరీ తిరగేస్తే రెండూ ఒకేసారి తిరగబడతాయి. స్కూల్లో నేర్చుకున్న లెక్కే, ఋణం ఋణంతో గుణిస్తే ధనం. మోటారు ఎటు తిరగాలో అటే తిరుగుతుంది. బల్బుకు కరెంటు ఎటునుంచి వచ్చినా ఒకటే. హారనుకూ అంతే. ఇగ్నిషన్ కాయిల్ తిరగబడితే స్పార్కు కొంచెం బలహీనపడుతుంది గానీ ఇంజను నడుస్తుంది. అంటే ఆయన చేసిన మూడు పరీక్షల్లో ఒక్కదానికి కూడా ఈ తప్పును పట్టుకునే శక్తి లేదు. మా ఆఫీసులో ఇట్లాంటివి వారానికొకటి చూస్తాం. టెస్టులన్నీ పాస్, సరుకు మాత్రం తప్పు. అప్పుడు మేము టెస్టరును కొట్టం, టెస్టులను తిరగరాస్తాం.

తప్పు తెలిసిన భాగం ఒక్కటే, డైనమో. డైనమో ఇనుములో పాత అయస్కాంతం కొంచెం మిగిలి ఉంటుంది, ఆ దిక్కులోనే అది కరెంటు పుట్టిస్తుంది. బ్యాటరీ తిరగబడినా డైనమో పాత దిక్కే పట్టుకుని ఉంటుంది. ఇంజను వేగం అందుకోగానే కటౌట్ ఆ రెంటినీ కలుపుతుంది. ఒకదానికొకటి ఎదురు నిలవాల్సినవి ఒకదాని వెనక ఒకటి చేరి తోసుకుంటాయి. కటౌట్ కాంటాక్టులు మాడి అతుక్కుపోతాయి. ఇది అంగడి ముందర కనపడే తప్పు కాదు, దారిలో కనపడే తప్పు. ఆ దారి నంగలి.

మందు కూడా చిన్నదే. బ్యాటరీని సరైన దిక్కుకు మార్చి, డైనమో ఎఫ్ టెర్మినలుకు బ్యాటరీ బాడీకి కట్టని కొసనుంచి ఒక తీగను ఒకటి రెండు సార్లు తాకించి తీస్తే దాని అయస్కాంతం మళ్ళీ దారికి వస్తుంది. కటౌట్ మారిస్తే కారు తయారు. తాత ఆ రోజే అది చేసి ఇచ్చినాడట. కారు బాగైంది.

ఇంకొక సంగతి. అవ్వ ట్రంకు పెట్టెలో తాత లెక్కల పుస్తకాలు దొరికినాయి. 1969 నాటి పుస్తకంలో ఆ డాక్టరుగారి పద్దు కింద, తాత గుండ్రటి అక్షరాల్లో, రెండే మాటలు: ప్లస్ బాడీ. తాతకు తెలుసు. తన పుస్తకంలో రాసుకున్నాడు. కారు మీద ఒక చీటీ అంటించలేదు, ఫియట్ గ్యారేజీ నుంచి వచ్చిన తమ్మునికి చెప్పలేదు. తాతను తక్కువ చేయాలని ఇది రాయడం లేదు. ఆ చేతుల సంపాదన తినే మేమందరం చదువుకున్నాం. కానీ నింద ఒకరి మీదే పెట్టి యాభై ఏళ్ళు మోయించినాం, ఆ లెక్క సరిచేయాల.

సీసం రేకు

మొన్న దసరాకు కోలారు పోయి, ఆ పుస్తకం పట్టుకుని చిన్నతాత ముందర కూర్చున్నాం. సెల్ఫు సంగతి, లైట్ల సంగతి, డైనమో సంగతి అన్నీ చెప్పినాం. తప్పు మీది కాదు అన్నాం. ఆయన పుస్తకంలో ఆ రెండు మాటలను వేలితో తడిమి చాలాసేపు చూసినాడు. అన్నను ఒక్క మాట అనలేదు.

తర్వాత మెల్లిగా అన్నాడు. "పూర్తిగా నాది కాదు అనొద్దు. ఆ పొద్దు ఒక క్లాంపు వదులుగా ఉండింది. సీసం రేకు చుట్టి బిగించినా. రెండోదాన్ని సుత్తితో తట్టినా. చెయ్యి చెప్పింది, నేను వినలేదు."

మేము ఉలిక్కిపడినాం. బ్యాటరీలో ప్లస్సు కొమ్ము లావు, మైనస్సు కొమ్ము సన్నం. మామూలు పెద్ద రకంలో 19.5 మిల్లీమీటర్లు, 17.9 మిల్లీమీటర్లు. తేడా కంటికి ఆనదు, క్లాంపుకు తెలుస్తుంది. తిరగేసి పెడితే ఒకటి దిగదు, ఒకటి వదులవుతుంది. మేము గుడ్డ పెట్టి నొక్కింది కూడా దాన్నే. యాభై ఏళ్ళ తేడాతో అదే ఇంటివాళ్ళం అదే హెచ్చరికను అదే విధంగా తోసేసినాం.

కాబట్టి ఇది చదివే మనవాళ్ళకు ఒకటే మాట. బ్యాటరీ మార్చేటప్పుడు వైరు అందకపోయినా, క్లాంపు కూర్చోకపోయినా బలం చూపొద్దు. ఆగి, గుర్తులు చదివి, మీటరు పెట్టండి. రంగును నమ్మొద్దు, పక్కవాడి మాటను నమ్మొద్దు. పాత కారు ఎవరింట్లోనైనా ఉంటే ఏ కొస బాడీకి ఉందో బానెట్ లోపల పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, మీ పుస్తకంలో కాదు.

లేచేటప్పుడు చిన్నతాత ఆల్టర్నేటరు రిపేరుకు ఎంతయింది అని అడిగినాడు. చెప్పినాం. ఆయన మా వైపు ఒకసారి, మా చిన్నమ్మ వైపు ఒకసారి చూసి, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మాట తన నోటితో అన్నాడు.

"వీళ్ళకు ప్లస్సు మైనస్సు తెలీదు."

అందరికంటే ముందు ఆయనే నవ్వినాడు.